ట్రాక్టర్ కిరాయి: గంటకు మీకెంత పడుతోందో లెక్క వేశారా?

మనామా: బహ్రెయిన్‌లో నాలుగు రాళ్లు వెనకేసుకున్న మన తెలుగు కార్మికుణ్ణి 'ఊరికి పోయి ఏం చేస్తావు?' అని అడిగితే వచ్చే జవాబులు దాదాపు ఒకే వరుసలో ఉంటాయి. ముందు అప్పులు, తర్వాత చెల్లెలి పెళ్లో ఇల్లో, ఆ తర్వాత ట్రాక్టర్. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్ వైపు నుంచి వచ్చినవాళ్ల నోట ఈ మాట మరీ ఎక్కువగా వినిపిస్తుంది. కడప, గోదావరి జిల్లాలవాళ్లూ ఇందులో వెనకబడిలేరు. కొందరు ఊరికి పోయేదాకా కూడా ఆగరు. ఇక్కడ సల్మాబాద్‌లోనో సిత్రాలోనో డ్యూటీ చేస్తూనే అక్కడ బండి కొనిస్తారు. తమ్ముడో బామ్మర్దో నడిపిస్తాడు. మన పొలం దున్నుకోగా మిగిలిన రోజుల్లో ఊళ్లోవాళ్లకు కిరాయికి కొడితే బండి తన కిస్తీ తానే కట్టుకుంటుందన్నది అందరి లెక్క.

ఆలోచన మంచిదే. వ్యవసాయ పనులకు కూలీలు దొరకని ఈ రోజుల్లో ఊళ్లో యంత్రానికి పని ఉంటుంది. చిక్కు వచ్చేది కిరాయి రేటు దగ్గర. గంటకు ఎంత తీసుకోవాలో మన బండి ఖర్చు చూసి చెప్పేవాళ్లు తక్కువ. పక్కూళ్లో ఎంతకు కొడుతున్నారో చూసి, టీ హోటల్ దగ్గర నలుగురూ అనుకున్నదే రేటు. ఆ నలుగురిలో మన బండి ఎంత పెట్టి కొన్నామో, ఆ సొమ్ము ఎన్నాళ్లు చెమటోడిస్తే వచ్చిందో తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే ఈ వారం ఈ పేజీలో కిరాయి లెక్కను మొదటి నుంచి చివరి దాకా వేసి చూద్దాం.

ఇక్కడ కంపెనీ చేసే పనే

నిజానికి ఈ లెక్క బహ్రెయిన్‌లో పనిచేసే మనకు కొత్తది కాదు. సైటులో షవల్, జేసీబీ, బాబ్‌క్యాట్ నడిపేవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. యంత్రాన్ని కంపెనీ ఎలా కిరాయికి ఇస్తుందో వాళ్లు రోజూ చూస్తూనే ఉంటారు. డీజిల్, ఆపరేటర్ కలిపితే ఒక రేటు, ఖాళీ యంత్రమైతే ఇంకో రేటు. సైటుకు తెచ్చి దింపినందుకు వేరే చార్జీ. గంట పనే ఉన్నా ఇన్ని గంటలకు తగ్గకుండా కట్టాలన్న షరతు. టైమ్ షీట్ మీద సైటు ఫోర్‌మన్ సంతకం లేకుండా బిల్లు కదలదు. 250 గంటలకో 500 గంటలకో సర్వీసు తేదీ వస్తే పని ఉన్నా బండి షెడ్డుకు పోవాల్సిందే.

ఇంత పద్ధతిగా యంత్రం నడిపే మనమే, ఊళ్లో మన సొంత బండిని నోటిమాట మీద నడిపిస్తాం. కంపెనీ లాభం కోసం కట్టే ప్రతి లెక్కా మన ఇంటి బండికీ పనికొస్తుంది. అందుకు పెద్ద చదువు అక్కర్లేదు, ఒక నోటుబుక్కు చాలు.

పది లక్షలంటే ఎన్ని నెలలు?

ముందుగా పెట్టుబడి సంగతి. 2001 నుంచి బహ్రెయిన్ దినారును అధికారికంగా డాలరుకు 0.376 దగ్గర కట్టేశారు. కాబట్టి మనకు వచ్చే రూపాయలు డాలరు ధరను బట్టే మారతాయి. డాలరు 85 రూపాయలు అనుకుంటే దినారుకు 226 రూపాయలు.

ఇప్పుడు 50 హెచ్‌పీ ట్రాక్టర్ ఒకటి 8 లక్షలు, రోటవేటర్ లక్షా 20 వేలు, కల్టివేటర్, కేజ్ వీల్స్ కలిపి 80 వేలు అనుకుందాం. మొత్తం 10 లక్షలు. కంపెనీని బట్టి, జిల్లాను బట్టి ఈ అంకెలు మారతాయి. మీ బిల్లులో ఉన్న అంకె మీరు వేసుకోండి, లెక్క తీరు మాత్రం ఇదే.

10 లక్షలంటే 4,424 దినార్లు. తిండి, ఫోను, ఇంటి ఖర్చుకు పంపింది పోను నెలకు 60 దినార్లు మిగిల్చేవాడికి అది ఆరేళ్ల పైమాట. సెటిల్‌మెంట్ డబ్బు ఉంది కదా అంటారేమో. బహ్రెయిన్ 2012 కార్మిక చట్టం ప్రకారం మొదటి మూడేళ్లకు ఏడాదికి అరనెల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం చొప్పున లెక్క. 2024 మార్చి నుంచి కంపెనీలు ఈ సొమ్మును నెలనెలా సోషల్ ఇన్సూరెన్స్ సంస్థకు కడుతున్నాయి. 120 దినార్ల బేసిక్ మీద పదేళ్లు చేసినవాడికి స్థూలంగా 1,020 దినార్లు, అంటే 2 లక్షల 30 వేల రూపాయలు వస్తాయి. పదేళ్ల సర్వీసు డబ్బు ట్రాక్టర్ డౌన్‌పేమెంటుకు అయిపోతుందన్నమాట. బండి పొలంలో తిరిగిన ప్రతి గంటా అరిగేది ఈ సొమ్మే.

బండి నిలబడినా తినేది, నడిస్తే తినేది

యంత్రం ఖర్చు రెండు రకాలు. మొదటిది బండి షెడ్డులో నిలబడి ఉన్నా తప్పనిది. రెండోది నడిస్తేనే అయ్యేది. వ్యవసాయ యంత్రాల ఖర్చు ఎలా కట్టాలో భారత ప్రమాణాల సంస్థ 1979లోనే ఐఎస్ 9164 పేరుతో మార్గదర్శకం తెచ్చింది. అందులోని పద్ధతి కూడా ఈ విభజన మీదే నడుస్తుంది.

నిలబడినా తప్పని ఖర్చులో మొదటిది అరుగుదల. 8 లక్షల ట్రాక్టర్‌ను పదేళ్ల తర్వాత అమ్మితే 2 లక్షలు వస్తాయనుకుంటే, పోయిన 6 లక్షలను పదేళ్లకు పంచాలి. ఏడాదికి 60 వేలు. 2 లక్షల పనిముట్లు ఆరేళ్లు వచ్చి, చివరికి పాత ఇనుము కింద 20 వేలు పలికితే ఏడాదికి 30 వేలు. రెండూ కలిపి 90 వేలు.

రెండోది వడ్డీ. అప్పు తెచ్చినవాడికి వడ్డీ కనిపిస్తుంది, సొంత డబ్బు పెట్టినవాడికి కనిపించదు. కానీ ఆ డబ్బు బ్యాంకులో ఉన్నా, ఎవరికన్నా ఇచ్చినా మిత్తి వచ్చేది కదా! మొదట పెట్టిన 10 లక్షలకూ చివర మిగిలే 2 లక్షల 20 వేలకూ సగటు 6 లక్షల 10 వేలు. నూటికి 10 చొప్పున ఏడాదికి 61 వేలు. ఫైనాన్స్ కంపెనీ అప్పయితే ఇంకా ఎక్కువే పడొచ్చు.

మూడోది ఇన్సూరెన్సు, కాగితాలు, షెడ్డు. వీటికి 17 వేలు వేద్దాం. మొత్తం కలిపితే ఏడాదికి 1 లక్షా 68 వేలు. బండి ఏడాదిలో 600 గంటల కిరాయి పని చేసిందనుకుంటే గంటకు 280 రూపాయలు.

ఇక నడిస్తే అయ్యే ఖర్చు. రోటవేటర్ కొట్టేటప్పుడు, పొలానికి పోయివచ్చే దూరం కూడా కలిపి గంటకు 6 లీటర్ల డీజిల్ అనుకుందాం. 2024లో హైదరాబాద్‌లో లీటరు 95 రూపాయలు దాటింది. 96 వేసుకుంటే 576 రూపాయలు. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, గ్రీజు కలిపి 30. రోటవేటర్ బ్లేడ్లు, బేరింగులు, క్లచ్చు, బ్యాటరీ, ఇతర రిపేర్లకు 100. నాలుగు టైర్లకు 60 వేలయి, అవి 2,500 గంటలు వస్తే గంటకు 24. డ్రైవర్‌కు 150. మొత్తం 880 రూపాయలు.

280, 880 కలిపితే 1,160. మన బండి ఒక గంట పొలంలో తిరగడానికి మనకు అయ్యే అసలు ఖర్చు ఇది. ఇందులో లాభం ఒక్క రూపాయి కూడా లేదు. పనిచేయించుకుని డబ్బు ఎగ్గొట్టేవాళ్లు నూటికి ఐదుగురు ఉంటారనుకుంటే, మిగతావాళ్ల దగ్గర గంటకు 1,221 వసూలైతేనే ఖర్చు తీరుతుంది. దాని మీద పదోవంతు లాభం వేసుకుంటే రేటు 1,350 దాకా రావాలి.

ఇక్కడ ఒక మాట. 'మా బామ్మర్దే నడుపుతాడు, డ్రైవర్ జీతం లేదు' అని ఆ 150 తీసేయకండి. రేపు అతను కూడా వీసా మీద ఏ దేశమో ఎక్కితే డ్రైవర్‌ను పెట్టుకోవాల్సిందే. అప్పుడు ఒక్కసారిగా రేటు పెంచితే ఊరు ఒప్పుకోదు. పైగా ఇంటిమనిషి కష్టానికి వెల కట్టకపోవడం వల్లే చాలా ఇళ్లలో బండి దగ్గర మొదలైన పంచాయితీ అక్కాతమ్ముళ్ల దాకా పోతోంది.

'మనం గూడ వెయ్యి జేద్దామా?'

వానాకాలం మొదలుకాగానే ఇక్కడి క్యాంపుల్లో ఇలాంటి ఫోన్లు మామూలే.

"బావా, పక్కూరాయన గంటకు వెయ్యికే కొడ్తుండు. మనం పన్నెండు వందలంటే ఎవ్వలు పిలుస్తలేరు. మనం గూడ వెయ్యి జేద్దామా?"

"సరే తియ్‌రా, బండి ఊకె నిలబడితే ఏమొస్తది? డీజిల్‌కు పోంగ ఎంతో కొంత మిగుల్తది గదా."

రెండు నిమిషాల్లో మాట అయిపోతుంది. ఆ రెండు నిమిషాల్లో ఏం పోయిందో చూద్దాం.

వెయ్యి రూపాయల్లో డీజిల్, డ్రైవర్, రిపేర్లకు 880 పోగా 120 మిగులుతుంది. 600 గంటలకు 72 వేలు. సంవత్సరం చివర 72 వేలు మిగిలాయంటే ఇంట్లో అందరూ లాభమనే అనుకుంటారు. కానీ ఏడాదిలో నిలబడి తినే ఖర్చు 1 లక్షా 68 వేలు. అంటే నిజంగా మిగిలింది 96 వేల రూపాయల నష్టం. దినార్లలో 425. నెలకు 60 మిగిల్చేవాడికి అది ఏడు నెలల కష్టం. ఊళ్లోవాళ్ల పొలాలు మన ఏడు నెలల బహ్రెయిన్ సంపాదనతో దున్నినట్టు.

నష్టం ఆ ఏడాది కంటికి కనిపించదు. టైర్లు అరుగుతాయి, ఇంజిన్ అరుగుతుంది, బిల్లు మాత్రం రాదు. నాలుగైదేళ్లకు ఇంజిన్ పని వచ్చినప్పుడు, టైర్లు మార్చాల్సినప్పుడు అంతా ఒకేసారి వస్తుంది. అప్పుడు ఊరి నుంచి ఫోను వస్తుంది, ఇక్కడి నుంచి డబ్బు పోతుంది.

అప్పు మీద కొన్నవాడికైతే అన్నేళ్లు కూడా పట్టదు. 6 లక్షల అప్పు, నూటికి 12 వడ్డీ, ఐదేళ్లు, ఆరునెలలకో కిస్తీ అనుకుంటే ఒక్కో కిస్తీ 81 వేల పైన పడుతుంది. ఏడాదికి 1 లక్షా 63 వేలు. వెయ్యి రేటు మీద మిగిలిన 72 వేల నుంచి ఇన్సూరెన్సు, షెడ్డు ఖర్చు 17 వేలు తీస్తే చేతిలో ఉండేది 55 వేలే. తక్కువపడ్డ 1 లక్షా 8 వేలు ఎవరు పంపాలి? 478 దినార్లు, ఎనిమిది నెలల మిగులు. బండి కిస్తీ బండే కట్టుకుంటుందని కొన్నది, చివరికి బండి కోసమే వీసా రెన్యూవల్ చేయించుకోవాల్సి వస్తుంది.

గంటలు తగ్గితే రేటు మారుతుంది

పైన వేసిన లెక్కకు ఆయువుపట్టు 600 గంటలు. అదే బండికి 800 గంటల పని దొరికితే నిలబడి తినే ఖర్చు గంటకు 210కి దిగుతుంది, మొత్తం 1,090. 400 గంటలే దొరికితే 420కి ఎక్కుతుంది, మొత్తం 1,300. 300 గంటలకు పడిపోతే 1,440. బండి అదే, డ్రైవర్ అతనే, డీజిల్ ధర అదే. గంటలు మారేసరికి ఖర్చు ఇంత మారింది.

అందుకే బండి కొనేముందు 'గంటకు ఎంత వస్తుంది' కంటే 'మన ఊళ్లో ఏడాదికి ఎన్ని గంటల పని దొరుకుతుంది' అన్నది ముందు అడగాలి. ఊళ్లో ఎన్ని ఎకరాలు, అందులో వరి ఎంత, పత్తి, మక్క ఎంత, ఇప్పటికే ఎన్ని ట్రాక్టర్లు ఉన్నాయి? పది బళ్లున్న ఊళ్లో మనది పదకొండోదైతే అందరి గంటలూ తగ్గుతాయి. నీళ్ల సంగతి కూడా చూడాలి. శ్రీరాంసాగర్ నిండిన ఏడు యాసంగి నాట్లకు బండికి తీరిక ఉండదు. నీళ్లు లేని ఏడు సగం పొలాలు పడావు పడతాయి. 2024 యాసంగిలో నీళ్లందక పొలాలు ఎండిన ఊళ్లు మనకు గుర్తే. మంచి ఏడాదిని చూసి రేటు కట్టినవాడు చెడ్డ ఏడాదిలో కిస్తీ కట్టలేడు. మూడేళ్ల సగటు గంటలు తీసుకోవాలి.

రెండు అంకెలు గుర్తుంటే చాలు

మరి బండి నిలబడిపోతుంటే ఒక్క రూపాయి కూడా తగ్గొద్దా అని అడగొచ్చు. తగ్గొచ్చు. దానికీ ఒక హద్దుంది. ఫోన్ చేసే బామ్మర్దికి రెండు అంకెలు చెప్పి పెట్టండి.

మొదటిది నిండు రేటు. పై లెక్కలో 1,350. సీజన్‌లో, పని ఎగబడి వచ్చే రోజుల్లో అడగాల్సింది ఇదే. రెండోది అడుగు రేటు. పై లెక్కలో 880. నడిస్తే అయ్యే ఖర్చు అది. పని లేని రోజుల్లో, బండి ఖాళీగా ఉన్నప్పుడు 880 కంటే పైన ఎంత వచ్చినా నిలబడి తినే ఖర్చులో అంత తీరినట్టే. కాబట్టి ఎండాకాలంలో ఎవరైనా వెయ్యికి అడిగితే పోవచ్చు. 880 కంటే తక్కువకు పోతే మాత్రం ఇంట్లో పడుకోవడమే లాభం.

ప్రమాదం ఎక్కడంటే, పని లేని రోజున ఒప్పుకున్న రేటు సీజన్‌లోనూ అదే రేటుగా ఊళ్లో పాతుకుపోతుంది. అందుకే తగ్గించేటప్పుడే 'ఇది ఎండాకాలం రేటు, నాట్లప్పుడు ఇంత' అని ముందే నలుగురిలో చెప్పెయ్యాలి.

ఎకరానికా, గంటకా?

చాలా ఊళ్లలో రైతు ఎకరానికి మాట్లాడతాడు, మన ఖర్చు గంటల్లో నడుస్తుంది. ఈ రెంటినీ కలిపేది గడియారమే. ఆరడుగుల రోటవేటర్‌తో ఒక సాళు కొట్టడానికి ఎకరానికి గంటంపావు పట్టిందనుకుంటే, 1,160 లెక్కన ఖర్చే 1,450 అవుతుంది. అదే ఎకరం ఐదారు చిన్న మడులుగా ఉంటే మలుపులకే టైమ్ పోయి గంటన్నర పడుతుంది. పెద్ద చెలకకు ఎకరం లెక్క సరే, చిన్న మడులకు, రాళ్ల నేలకు, దిగబడే పొలానికి గంట లెక్కే న్యాయం. పాత బళ్లలో మీటర్ ఇంజిన్ స్పీడును బట్టి తిరుగుతుంది కాబట్టి మీటర్ గంటా, గడియారం గంటా ఒకటి కావు. దేన్ని లెక్కపెడతారో పని మొదలయ్యే ముందే అనుకోవాలి.

నాలుగు కిలోమీటర్ల దూరంలో పది గుంటల మడి దున్నమని పిలిచేవాళ్లుంటారు. పని పావుగంట, పోయిరావడం అరగంట. బహ్రెయిన్‌లో సైటుకు యంత్రం తెచ్చినందుకు చార్జీ ఎందుకు వేస్తారో ఇక్కడ అర్థమవుతుంది. 'ఎంత చిన్న పనైనా గంట డబ్బులు' అన్న షరతు ఊళ్లోనూ పెట్టొచ్చు. లేకపోతే అటువైపు పది గుంటల రైతులు నలుగుర్ని కలిపి ఒకేరోజు పెట్టుకోమని చెప్పొచ్చు. వాళ్లకూ తక్కువ పడుతుంది.

డీజిల్ ధర సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. గంటకు 6 లీటర్లు కాలే బండికి లీటరుకు రూపాయి పెరిగితే గంటకు 6 రూపాయలు పెరిగినట్టు. పది రూపాయలు పెరిగితే 60. బ్రిటన్‌లో వ్యవసాయ కాంట్రాక్టర్ల సంఘం ఏటా రేట్ల పట్టిక వేస్తుంది, డీజిల్ ధర ఎంత అనుకుని ఆ రేట్లు కట్టారో అందులో చెబుతుంది. అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీ కూడా ఇలాంటి కిరాయి పనుల రేట్ల మీద ఏటా సర్వే చేస్తుంది. మన ఊళ్లో బండ్లవాళ్లు నలుగురు కూర్చుని 'డీజిల్ ఇంత ఉన్నన్నాళ్లు రేటు ఇంత' అనుకుంటే పెంచిన రోజు పేచీ ఉండదు.

ఉద్దెర మీద దున్నితే

మన ఊళ్లల్లో దున్నకం డబ్బులు చాలావరకు ఉద్దెరే. నాట్లప్పుడు దున్నితే, వడ్లు కేంద్రంలో కాంటా అయి రైతు ఖాతాలో పైసలు పడ్డాక ఇస్తారు. నాలుగైదు నెలలు. ఆ లోపు డీజిల్ బంకువాడు ఆగడు, డ్రైవర్ ఆగడు. అంటే రైతుకు అప్పిచ్చేది బహ్రెయిన్‌లో ఉన్న మనమే. 600 గంటల్లో సగం ఉద్దెర మీద పోతే, ఒక్క నడిచే ఖర్చే 2 లక్షల 64 వేలు ఇరుక్కుంటాయి.

ఉద్దెర లేకుండా ఊళ్లో బండి నడవదు, నిజమే. కానీ డీజిల్ వరకు అప్పటికప్పుడు తీసుకుని మిగతాది పంటకు తీసుకునే పద్ధతి పెట్టొచ్చు. రొక్కానికి ఒక రేటు, ఉద్దెరకు యాభై ఎక్కువ అని ముందే చెప్పొచ్చు. ప్రతి పనికీ తేదీ, ఎన్ని గంటలు, ఎంత ఇచ్చారు, ఎంత బాకీ అని పుస్తకంలో రాసి రైతుతో సంతకం పెట్టించాలి. ఇక్కడ టైమ్ షీట్ మీద ఫోర్‌మన్ సంతకం పెట్టించుకునేవాళ్లమే కదా, ఊళ్లో సిగ్గెందుకు?

హార్వెస్టర్ ఆశ

ట్రాక్టర్ మీద చేతులు తిరిగినవాళ్ల చూపు తర్వాత హార్వెస్టర్ మీద పడుతుంది. గంటకు వచ్చే డబ్బు పెద్దగా కనిపిస్తుంది. కానీ పెట్టుబడి 26 లక్షలు అనుకుందాం. ఎనిమిదేళ్ల తర్వాత 8 లక్షలకు అమ్మితే అరుగుదల ఏడాదికి 2 లక్షల 25 వేలు. సగటు పెట్టుబడి 17 లక్షల మీద నూటికి 10 వడ్డీ 1 లక్షా 70 వేలు. ఇన్సూరెన్సు వగైరా 25 వేలు. మొత్తం 4 లక్షల 20 వేలు. రెండు పంటలకూ కలిపి 500 గంటలు కోస్తే గంటకు 840, ఆ పైన డీజిల్, డ్రైవర్, హెల్పర్, రిపేర్లు. కోతల వేళ వాన పడి 350 గంటలకే పని ఆగితే అదే ఖర్చు గంటకు 1,200 అవుతుంది.

పైగా కోతలు ఒక్కో ఊళ్లో ఉండేది కొద్దివారాలే. పంజాబ్, హర్యానా, తమిళనాడు నుంచి యంత్రాలు లారీల మీద మన జిల్లాలకు దిగేది అందుకే. వాళ్లు ఒక ప్రాంతంలో కోత అయిపోగానే ఇంకో ప్రాంతానికి పోయి గంటలు పెంచుకుంటారు. ఒక్క ఊరు దాటని మన యంత్రానికి వాళ్ల గంటలు రావు. వాళ్ల రేటుకు దిగితే వాళ్లు నిలబడతారు, మనం నిలబడం. బయటి ప్రాంతాలకు బండి తీసుకుపోయే నమ్మకమైన మనిషి ఉంటేనే హార్వెస్టర్ మాట తీయాలి.

సబ్సిడీ బండితో పోటీ

కేంద్రం 2014-15లో వ్యవసాయ యాంత్రీకరణ పథకం తెచ్చి, యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రాలకు సబ్సిడీ ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో అప్పటి ప్రభుత్వం రైతు గ్రూపులకు ఒకేసారి 3,800 ట్రాక్టర్లు ఇచ్చింది. ఇలాంటి బండికి యజమాని పెట్టిన సొమ్ము తక్కువ, కాబట్టి నిలబడి తినే ఖర్చూ తక్కువ. అతను తక్కువ రేటుకు కొట్టినా గిడుతుంది. అతని రేటు చూసి మనం తగ్గడమంటే, సర్కారు అతనికిచ్చిన సబ్సిడీని మన జేబులోంచి మనం ఊరికివ్వడమే. అతనితో రేటు మీద కాదు, చెప్పిన టైముకు పోవడం మీద, లోతుగా, చదునుగా కొట్టడం మీద పోటీపడాలి. అదును తప్పితే ఎంత నష్టమో తెలిసిన రైతు వంద ఎక్కువైనా సమయానికి వచ్చే బండినే పిలుస్తాడు.

ఇంకో కబురు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు, ట్రాక్టర్ టైర్ల మీద 18 నుంచి 5కు తగ్గింది. కొనేవాళ్లకు మంచిదే. కానీ కొత్త బండి ధర తగ్గినప్పుడు పాత బండికి వచ్చే ధరా తగ్గుతుంది. ఇప్పటికే బండి ఉన్నవాళ్లు 'అమ్మితే ఇంత వస్తుంది' అన్న అంకెను మరోసారి విచారించి లెక్క సరిచేసుకోవాలి.

ఇక్కడి నుంచి చూసుకోవాల్సినవి

యజమాని బహ్రెయిన్‌లో, బండి ఊళ్లో ఉన్నప్పుడు నమ్మకంతో పాటు లెక్క కూడా ఉండాలి. ప్రతి శుక్రవారం సెలవు రోజున అవర్ మీటర్ ఫోటో, కిరాయి పుస్తకం పేజీ ఫోటో పంపమనండి. మీటర్ 15 గంటలు తిరిగితే పుస్తకంలో 9 గంటలే ఉన్నాయంటే మిగతా ఆరు ఎక్కడ పోయాయో అప్పుడే మాట్లాడుకోవచ్చు. ఏడాది తర్వాత అడిగితే అది తగాదా అవుతుంది. డీజిల్ బిల్లులను గంటలతో భాగించి చూస్తే గంటకు ఎన్ని లీటర్లు తాగుతోందో తెలిసిపోతుంది. ఉన్నట్టుండి పెరిగితే బండికో, డ్రైవర్‌కో ఏదో అయినట్టు.

కిరాయి వచ్చిన రోజే ప్రతి గంటకూ 280 చొప్పున వేరే బ్యాంకు ఖాతాలో వేయించండి. అది లాభం కాదు, బండి ప్రాణం. టైర్లు, ఇంజిన్ పని, రేపటి కొత్త బండి అందులోంచే రావాలి. పెళ్లికో, ఫీజుకో ఆ ఖాతా ముట్టుకోకూడదని ఇంట్లో అందరికీ ముందే చెప్పాలి.

ఇన్సూరెన్సు మరిచిపోవద్దు. వ్యవసాయం కింద రిజిస్టరైన ట్రాక్టర్‌తో ఇసుక, ఇటుక తోలిస్తే, కూలీలను ట్రాలీలో ఎక్కిస్తే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం దగ్గర పెద్ద చిక్కు వస్తుంది. ట్రాలీకి కూడా కాగితాలు, ఇన్సూరెన్సు ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక్క ప్రమాదం పదేళ్ల కిరాయిని మింగేస్తుంది.

చివరగా, ఇంకా బండి కొననివాళ్లకు ఒక మాట. పైన చెప్పిన లెక్కలో మీ ఊరి అంకెలు వేసి చూడండి. మీ ఊళ్లో దొరికే గంటలకు మీ ఖర్చు 1,300 వచ్చి, ఊరి రేటు వెయ్యి దగ్గరే ఉంటే ఆ బండి కొనొద్దు. మన పొలానికి కిరాయి బండినే పిలిపించుకుని, చేతిలో ఉన్న సొమ్మును బోరుకో, బర్రెలకో, అప్పు తీర్చడానికో వాడుకోవచ్చు. అంకెలు కుదిరితే మాత్రం ధైర్యంగా కొనండి, రేటు కూడా ధైర్యంగా చెప్పండి. డౌన్‌పేమెంటు పంపేముందు ఒక శుక్రవారం మధ్యాహ్నం రూములో కూర్చుని ఈ లెక్క వేస్తే గంట పడుతుంది, అంతే.